జామ్‌తారా చూసినోళ్లు ఒకసారి ఇట్లా రండి, ఆ అన్నదమ్ములు మీకు నచ్చినారా?

పెన్నేటి_పాప
మొన్న శని ఆదివారాలు రెండ్రోజులూ కదలకుండా కూర్చోని నెట్‌ఫ్లిక్స్‌లో ఆ హిందీ సిరీస్ జామ్‌తారా రెండు సీజన్లూ చూసేసినాం. మొదటిది 2020 జనవరిలోనే వచ్చిందంట, మేమే లేటు. ఇంట్లో హిందీ వచ్చేది మా తమ్మునికి ఒక్కనికే, మేమంతా కింద అక్షరాలు చదువుకుంటా చూసినాం. బాగా తీసినారు, కాదనను. కానీ నాకు ఒకటే మంట. సన్నీ, రాకీ అని ఆ ఇద్దరు పిల్లోళ్లు చేసేది ఏంది, ముక్కూ మొఖం తెలీనోళ్లకి ఫోన్ చేసి బ్యాంకు నుంచి మాట్లాడతాండాం అని మాయ చేసి ఖాతా ఊడ్చేయడం. అట్లాంటోళ్లకి మ్యూజిక్కు, ప్రేమ, పెండ్లి, సెంటిమెంటు అన్నీ పెట్టినారు. మా తమ్ముడైతే 'ఏం బ్రెయిన్ అక్కా వానిది' అని తొడ కొడతాండాడు. డబ్బు పోగొట్టుకున్నోళ్లని మాత్రం రెండు నిమిషాలు చూపించి వదిలేస్తారు. మీకెవరికీ ఇట్లా అనిపించలేదా, లేక నాదే చాదస్తమా?

గుంతకల్_జంక్షన్
చాదస్తమే. దొంగల కథలో దొంగని చూపించక పూజారిని చూపిస్తారా

ఉగ్గాని_బజ్జీ
ముందు ఒక కరెక్షన్. వాళ్లు అన్నదమ్ములు కాదు, కజిన్స్.

ప్రొద్దుటూరోడు
@ఉగ్గాని_బజ్జీ పెదనాయన కొడుకైనా చిన్నమ్మ కొడుకైనా మనకి అన్నే కదప్పా, రేషన్ కార్డులో ఎక్కించమని అడిగినారా నిన్ను

ఉగ్గాని_బజ్జీ
సరే అన్నదమ్ములే. మీ ఇంట్లో భాగాలు పంచేటప్పుడు ఇదే మాట మీద ఉండు

గండికోట_గాలి
నాకు నచ్చింది. నచ్చిందంటే వాళ్లు చేసే పని కాదు, ఇద్దరి మధ్య తేడా నచ్చింది. సన్నీకి డబ్బు కావాల, ఎవరి కిందా ఉండకూడదు. రాకీకి డబ్బుతో పాటు ఒక కుర్చీ కావాల, తెల్ల చొక్కా వేసుకోని నాయకుని వెనకాల నిలబడాల. ఒకే ఊర్లో పెరిగినోళ్లే, ఒకడు నాయకునికి వాటా ఇయ్యనంటాడు, ఇంకోడు పోయి ఆ నాయకుని కారు డోరు తీస్తాడు. అక్కడ నుంచే కథ పట్టుకుంటాది. ఫోన్ మోసాలు ఊరికే పైన పూత, లోపల అంతా అన్నదమ్ముల ఈర్ష్యే.

నల్లరేగడి
గాలి అన్న చెప్పింది కరెక్ట్ కానీ నేనైతే ఇంకొంచెం ముందుకి పోతా. అసలు మాయగాళ్లు ఆ పిల్లోళ్లు కాదు, ఆ నాయకుడు బ్రజేష్ భాన్. అమిత్ సియాల్ వేసినాడు చూడండి, అరవడు, కళ్లు ఎర్ర చేయడు, నవ్వుతానే మాట్లాడతాడు. వీళ్లు ఊరోళ్ల ఖాతాలు ఖాళీ చేస్తే ఆయన వీళ్లనే ఖాళీ చేస్తాడు. మా ఊర్లో మా చిన్నప్పుడు చూసినాం కదా, పెద్దాయన అరుగు మీద కూర్చోని ఒక్క మాట అనేది, 'వాడు నిన్ను అట్లా అన్నాడంట రా' అని, అంతే. మిగతాది పద్దెనిమిదేండ్ల పిల్లోళ్లు చేసుకునేది, జైలుకి వాళ్లు పోయేది, పెద్దాయన పెండ్లిండ్లకి పోయి అక్షింతలు వేసేది. ఆ బ్రజేష్ భాన్‌ని చూస్తాంటే నాకు ఆ అరుగు గుర్తొచ్చింది. సినిమాలోళ్లు మన సీమ అంటే సుమోలు కత్తులు చూపిస్తారు గానీ అసలు పని జరిగేది ఆ అరుగు మీద.

గుంతకల్_జంక్షన్
@నల్లరేగడి జార్ఖండ్ సిరీస్‌ని కూడా ఫ్యాక్షన్‌లోకి లాక్కొచ్చినావు కదన్నా, దండం నీకు

నల్లరేగడి
లాక్కురాలేదు, అదే వచ్చింది

ధర్మవరం_చీర
ఎవరూ అనడంలే గానీ ఆ ఎస్పీ డాలీ సాహు మన అక్షనే కదా!! కందిరీగలో చేసింది. నేను మొదటి ఎపిసోడ్ సగం దాకా ఈ పిల్లని యాడనో చూసినా అని తల గోక్కున్నా

ఉగ్గాని_బజ్జీ
అవునవును 2011 కందిరీగ. అందులో అట్లా ఇందులో యూనిఫాంలో, ఒక్కసారిగా పోల్చుకోలేం. ఆ సన్నీ వేసిన పిల్లోడు స్పర్శ్ శ్రీవాస్తవ్ కూడా అంతే, తర్వాత ఒక సినిమాలో పెండ్లాం రైల్లో మారిపోయిన అమాయకపు మొగుడుగా వేసినాడు, నేను చూస్తా 'వీడు యాడన్నా ఓటీపీ అడుగుతాడేమో' అని అనుమానంగానే కూర్చున్నా

ధర్మవరం_చీర
హహహ

రిటైర్డ్_మాస్టారు
చర్చ బాగుంది. ఒక చిన్న విషయం. జామ్‌తారా జిల్లాలో ఈ ఫోన్ మోసాలకు పేరు పడ్డ ఊరు కర్మాటాండ్. ఆ ఊరి రైల్వే స్టేషన్ పేరు విద్యాసాగర్. ఎందుకంటే ఈశ్వరచంద్ర విద్యాసాగర్ గారు కలకత్తా మనుషులతో విసిగిపోయి చివరి దశలో సుమారు 18 ఏళ్లు ఎక్కువగా అక్కడే ఉన్నారు. సంతాల్ గిరిజనుల మధ్య ఉండి బడి నడిపారు, హోమియోపతి మందులు ఉచితంగా ఇచ్చేవారు. అక్షరం చెప్పిన ఊరు అది. ఇప్పుడు దేశమంతా ఆ జిల్లా పేరు చెబితే జేబు తడుముకుంటున్నారు. నేను ఈ సిరీస్ చూడలేదు, మా మనవడు చూస్తుంటే నాలుగు మాటలు విన్నాను, అందులో బూతులు ఎక్కువ.

ప్రొద్దుటూరోడు
మాస్టారూ ఇది నాకు తెలీదు. థ్యాంక్స్. బూతుల మాటకొస్తే హిందీ కాబట్టి సగం నాకు అర్థం కాలా, అదొక అదృష్టం

తుంగభద్ర_ఒడ్డు
మాకు అర్థమైనాయి, కర్నూలోళ్లం. మా ఇంటి పక్కనంతా ఉర్దూనే. మా అమ్మ పక్కన కూర్చోని ఉంది, నేను సౌండు తగ్గిస్తా పెంచుతా రిమోట్ అరగదీసినా

పెన్నేటి_పాప
అక్షలూ కందిరీగలూ సరే, నేనడిగిందానికి ఎవరూ జవాబు చెప్పడం లేదు. మోసపోయినోళ్ల కథ ఏది?

గుంతకల్_జంక్షన్
అక్కా నిజం చెప్పనా, ఓటీపీ చెప్పేటోళ్లని చూస్తే నాకు జాలి రాదు. బ్యాంకోళ్లు మెసేజీలు, ఫోన్ చేస్తే ముందు రికార్డింగు, ఏటీఎంలో బోర్డు, ఇంతమంది మొత్తుకుంటాంటే కూడా చెప్తే ఎవరేం చేస్తారు. అత్యాశ లేకపోతే ఎవురూ మోసపోరు

కౌంటర్_నంబర్_3
జంక్షన్ గారూ, నేను బ్యాంకులో పని చేస్తాను, ఊరు చెప్పను. అత్యాశ అనేది లాటరీ తగిలిందని చెప్పే మోసాలకి. సన్నీ వాళ్లు చేసేది అది కాదు, భయం పెట్టడం. 'మీ ఏటీఎం కార్డు ఈరోజు సాయంత్రానికి బ్లాక్ అయిపోతుంది' అంటారు. ఇందులో ఆశ ఎక్కడుంది, ఉన్నది పోతుందనే భయమే ఉంది. ఇంకో కిటుకు చెప్తా వినండి. కార్డు మీద మొదటి ఆరు అంకెలు ఆ బ్యాంకు ఆ రకం కార్డుకి అందరికీ ఒకటే ఉంటాయి. వాడు ఫోన్ చేసి 'మీ కార్డు నంబరు ఇట్లా మొదలవుతుంది, కరెక్టేనా మేడమ్' అని ఆ ఆరూ చదువుతాడు. మీరు కార్డు తీసి చూస్తే నిజమే. అప్పుడిక మిగతా పది మీరే చెప్తారు. వాడు అడగలేదు, సరిచూసుకున్నాడు అంతే, అని మీకనిపిస్తుంది. మా కౌంటర్ దగ్గరికి ఏడ్చుకుంటూ వచ్చినవాళ్లలో లెక్కల టీచరు ఉన్నారు, అడ్వకేటు ఉన్నారు. చదువు లేక కాదు.

గండికోట_గాలి
కౌంటర్ అన్నా ఇది భలే చెప్పినావు. సిరీస్‌లో కూడా వాళ్లు గొంతు మార్చేది అందుకే, తియ్యగా మర్యాదగా మాట్లాడి ఫోన్ పెట్టినాక బూతులు

ధర్మవరం_చీర
మాస్టారు విన్నది ఫోన్ పెట్టినాకది

తుంగభద్ర_ఒడ్డు
అన్నదమ్ముల మాయ అంటే మా మామ కేసు చెప్పాల. తుగ్గలి, జొన్నగిరి పక్క తొలకరి వాన పడితే జనం చేలల్లో వజ్రాలకి తిరుగుతారని అందరికీ తెలిసిందే, పక్క జిల్లాల నుంచి కూడా వచ్చి టెంట్లు వేసుకుంటారు. మా మామ వజ్రాల కోసం కాదు, వాళ్ల చేను దున్నేటప్పుడే ఒక రాయి దొరికింది. ఎవరికీ చెప్పొద్దు అనుకున్నాడు, సాయంత్రానికి ఊరంతా తెలిసింది. మరుసటి రోజు పొద్దున్నే ఇద్దరొచ్చినారు, అన్నదమ్ములంట, బ్రోకర్లు. పెద్దోడు రాయి చూసి 'ఇది ఇంట్లో పెట్టుకుంటే కేసు అయితాది, ఆఫీసర్లకి తెలిస్తే చేను కూడా పోతాది' అని గట్టిగా భయపెట్టి బయటికి పోయినాడు. చిన్నోడు గమ్మున వెనకనే ఉండి 'మా అన్న నోరు మంచిది కాదు మామా, నేను చూసుకుంటా, ఈ రాయి నాకియ్యి, ఏదైనా వస్తే నా మీదికే రానీ' అని మా అత్త చేత టీ పెట్టించుకోని తాగి, చెయ్యి పట్టుకోని, 70 వేలిచ్చి తీసుకుపోయినాడు. మా మామ ఆ చిన్నోనికి తిరిగి దండం పెట్టినాడు! తర్వాత ఎవరెవరో ఏవేవో లక్షలు చెప్పినారు, నిజమో కాదో మాకు తెలీదు. నాకు మండేది డబ్బు కాదు, ఇప్పటికీ మా మామ 'పెద్దోడు దొంగనాకొడుకు, చిన్నోడు మంచోడు' అంటాడు.

నల్లరేగడి
ఇది సిరీస్ కన్నా బాగుంది సామీ. ఒకడు కొట్టేది ఇంకోడు ఊదేది.

ఉగ్గాని_బజ్జీ
ఆ చిన్నోడు మా ఊరికి అల్లుడుగా వచ్చినాడేమో, పోలికలు కలుస్తాండాయి

ప్రొద్దుటూరోడు
మా పక్క బంగారం అంగళ్లలో కూడా ఇదే ట్రిక్కు, మజూరీ దగ్గర తమ్ముడు ససేమిరా అంటాడు, అన్న వచ్చి 'ఆడపడుచు రా, తగ్గించు' అంటాడు. మనం సంతోషంగా ఎక్కువే ఇచ్చి వస్తాం. అందరూ కాదు, నేను పోయిన అంగడి సంగతి

గుంతకల్_జంక్షన్
సరే కౌంటర్ అన్న చెప్పినాక అత్యాశ మాట వెనక్కి తీసుకుంటా. అయినా మనకో అడ్వాంటేజ్ ఉంది, వాళ్లు హిందీలో మాట్లాడతారు, మనోళ్లు 'నో హిందీ' అని పెట్టేస్తారు. మా నాయన అట్లనే నలుగురిని తరిమినాడు

పెన్నేటి_పాప
అదెప్పటి మాట. ఇప్పుడు తెలుగే. మన యాసలోనే.

రాద్దామా వద్దా అనుకున్నా, రాస్తాండా. పోయిన ఏడు మా నాయనకి జరిగింది. చెనిక్కాయలు అమ్మిన డబ్బు బ్యాంకులో ఉంది, 62 వేలు, తరువాతి పంటకి విత్తనం ఎరువులకని. మధ్యాన్నం ఫోన్ వచ్చింది. 'నాయనా, పీఎం కిసాన్ డబ్బులు పడినాయా లేదా' అని అడిగినాడంట. పడలేదు అన్నాడు మా నాయన, నిజంగానే ఆ విడత పడలేదు. 'కేవైసీ ఆగిపోయింది నాయనా, వాట్సాప్‌లో ఒకటి పంపుతాండా, దాన్ని నొక్కి మీ పేరు కొట్టండి చాలు, నాకు ఓటీపీ గీటీపీ ఏమీ చెప్పొద్దు, చెప్పమంటే ఎవురికీ చెప్పొద్దు' అని వాడే జాగ్రత్త చెప్పినాడు. నొక్కినాడు. పావు గంటలో మూడు సార్లుగా మొత్తం పోయినాయి. మా నాయన ఎవురికీ ఓటీపీ చెప్పలేదు. ఆ సంగతి ఎవరూ నమ్మలా, మేమూ నమ్మలా మొదట. మా తమ్ముడు బాగా అరిచినాడు ఆయన మీద. ఇప్పుడు వాడే సన్నీని చూసి తొడ కొడతాంటే నాకెట్లుంటాది చెప్పండి.

ధర్మవరం_చీర
అయ్యో అక్కా

గండికోట_గాలి
ఇది ముందే చెప్పింటే మేం కందిరీగ మాట్లాడింటామా. సారీ.

కౌంటర్_నంబర్_3
పాప గారూ మీ నాయన అబద్ధం చెప్పలేదు. వాట్సాప్‌లో వచ్చింది ఏపీకే ఫైలు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు. దాన్ని నొక్కి ఇన్‌స్టాల్ అయ్యాక మెసేజీలు చదివే పర్మిషన్ అడుగుతుంది, మనం సరే అంటాం. ఇక ఓటీపీ మీ ఫోన్‌కి వచ్చినా అది చదివి అటు పంపిస్తుంది. మనిషి నోరు విప్పాల్సిన పని లేదు. సన్నీ వాళ్ల కాలం పాతబడింది, ఇప్పుడు ఫోనే చెప్పేస్తుంది. ఫిర్యాదు ఎప్పుడు ఇచ్చారు?

పెన్నేటి_పాప
మూడు రోజులకి. ఆయన రెండు రోజులు మాకు చెప్పనే లేదు. బువ్వ తినకుండా చేనికి పోతాంటే మా అమ్మ కనిపెట్టింది. బ్యాంకుకి పోతే స్టేషన్‌కి పోమన్నారు, స్టేషన్‌కి పోతే బ్యాంకు కాగితం తెమ్మన్నారు. ఏమీ రాలా.

కౌంటర్_నంబర్_3
మా వాళ్ల తరఫున సిగ్గుపడతా. మిగతావాళ్లు గుర్తు పెట్టుకోండి, డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, స్టేషన్‌కి పోవడం తర్వాత. అక్కడ ఫిర్యాదు నమోదైతే డబ్బు ఏ ఖాతాలోకి పోయిందో ఆ బ్యాంకుకి కబురు పోతుంది, వాడు ఏటీఎంలో తీసేలోపు ఆపే అవకాశం ఉంటుంది. మొదటి గంట రెండు గంటల్లోనే అంతా. బ్యాంకుకి కూడా వెంటనే చెప్పాలి, 2017 ఆర్‌బీఐ రూలు ప్రకారం మన తప్పు వల్ల పోయినా సరే, మనం చెప్పిన తర్వాత పోయే డబ్బుకి బాధ్యత బ్యాంకుది. అందుకే చెప్పిన టైమూ ఫిర్యాదు నంబరూ రాసిపెట్టుకోండి.

రిటైర్డ్_మాస్టారు
అమ్మా, మీ నాన్నగారు ఆ రెండు రోజులు చెప్పలేకపోయారే, మోసగాడికి లాభం అక్కడే. పిల్లలు తిడతారనే భయం. నాకు కూడా నెల కిందట వీడియో కాల్ వచ్చింది, పోలీసు దుస్తుల్లో ఒకడు, నా పేరు మీద పార్సిల్‌లో మత్తుమందు దొరికిందట, డిజిటల్ అరెస్ట్ చేశామన్నాడు. అలాంటి అరెస్టు చట్టంలో లేదని ప్రధానమంత్రే 2024 అక్టోబరులో రేడియోలో చెప్పారు, అది నేను విని ఉన్నాను. అయినా పది నిమిషాలు చేతులు వణికాయి. మా కోడలు వచ్చి ఫోన్ లాక్కుని కట్ చేసింది. ఆ పది నిమిషాల సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే రాస్తున్నాను.

నల్లరేగడి
మాస్టారూ 🙏

ప్రొద్దుటూరోడు
పాపక్క నాయనతో తెలుగులో మాట్లాడినోడు యాడోడు అంటారు? 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టినారు కదా, డేటా ఎంట్రీ ఉద్యోగం అని మన తెలుగు పిల్లోళ్లని కంబోడియాకి తీసుకుపోయి ఇట్లా ఫోన్లలో మోసాలు చేయించినారని. పాస్‌పోర్టు లాక్కోని, చేయకపోతే కొట్టేది. అప్పుడు ఆ 'నాయనా' అన్నోడు కూడా ఎవరి కిందో ఇరుక్కున్నోడే అయ్యుండొచ్చు

పెన్నేటి_పాప
అయ్యుండొచ్చు. అయినా నాకు జాలి రాదన్నా. 'నాయనా' అనకుండా 'సార్' అని ఉంటే మా నాయన నొక్కేటోడు కాదు. ఆ పిలుపుకే పోయినాడు.

గండికోట_గాలి
ఈ మాట విన్నాక నీ మొదటి పోస్టు ఇప్పుడర్థమైంది అక్కా. అయినా సిరీస్ మీద నా మాట మార్చుకోను, వాళ్లని గొప్పోళ్లని చూపించలేదు. గుడియానే చూడు, ఇంగ్లీషు చెప్పుకోని కెనడా పోదామనుకున్న పిల్ల, సన్నీని లెక్కతోనే పెండ్లి చేసుకుంది, ఆఖరికి యాడ తేలింది? రెండో సీజన్‌కి వచ్చేసరికి సన్నీ ఒళ్లు ఎట్లయింది? ఆ డబ్బు ఎవరికీ అచ్చి రాలేదు అనే కదా చూపించింది

ఉగ్గాని_బజ్జీ
స్పాయిలర్ రా నాయనా!! నేనింకా రెండో సీజన్ ఆరో ఎపిసోడ్ కాడ ఉన్నా

గండికోట_గాలి
ఆరో ఎపిసోడ్ కాడ ఉంటే సన్నీ ఒళ్లు ఇప్పటికే కనిపించాల, చూస్తాండావా నిద్రపోతాండావా

ధర్మవరం_చీర
నేను పాపక్క సైడే. అచ్చి రాలేదు అని ఆఖర్న ఒక ఎపిసోడ్‌లో చూపించి, ముందు తొమ్మిది ఎపిసోడ్లు ఊపు ఎక్కిస్తే పిల్లోళ్లకి గుర్తుండేది ఊపే. మా వీధిలో ఇంటర్ పిల్లోడు స్నేహితులకి ఫోన్ చేసి గొంతు మార్చి ఏటీఎం బ్లాక్ అంటాండాడు, తమాషాకంట. వాళ్లమ్మ చీపురు తిరగేసింది

తుంగభద్ర_ఒడ్డు
పేరే చూడండి, సబ్‌కా నంబర్ ఆయేగా. అందరి వంతూ వస్తాది అని ఒక అర్థం, అందరి ఫోన్ నంబరూ వస్తాది అని ఇంకో అర్థం. దొంగకి వర్తిస్తాది, మనకీ వర్తిస్తాది. పేరు పెట్టినోడు తెలివైనోడు

గుంతకల్_జంక్షన్
పాపక్కా, నా మొదటి పోస్టు తీసేద్దామనుకుంటే ఆప్షన్ లేదు. ఆ చాదస్తం మాట నాదే అనుకో.

పెన్నేటి_పాప
ఉండనీలే జంక్షన్. ఇంగోటి, ఈరోజు మధ్యాన్నం మా నాయనకి మొదటి ఎపిసోడ్ పెట్టినా. తమ్ముడే పక్కన కూర్చోని ఆపి ఆపి తెలుగులో చెప్పినాడు, వాడు ఇక్కడి మాటలన్నీ చదివినాడంట, నాతో ఏమీ అనలా. మా నాయన అంతా చూసి 'వీళ్లు శానా చిన్న పిల్లోళ్లు, నాతో మాట్లాడినోని గొంతు కొంచెం పెద్దది' అన్నాడు. కాసేపు ఆగి 'వాడు మీ అమ్మకి మోకాళ్ల నొప్పులు ఎట్లుండాయని కూడా అడిగినాడు' అన్నాడు. ఇది మాకు ఇన్ని రోజులూ చెప్పలా.

కౌంటర్_నంబర్_3
మోకాళ్ల నొప్పుల సంగతి వాడికెట్లా తెలుసు?

పెన్నేటి_పాప
తెలీదు సార్. యాభై దాటిన ఏ ఇంట్లో లేవు మోకాళ్ల నొప్పులు. మీరు చెప్పిన ఆరు అంకెల లాంటిదే.

నల్లరేగడి
అమ్మో

ఉగ్గాని_బజ్జీ
రెండో సీజన్ కూడా చూపిస్తావా అక్కా పెద్దాయనకి?

పెన్నేటి_పాప
వద్దన్నాడు. కానీ ఇందాక తెలీని నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తి 'ఎవురప్పా నువ్వు, సన్నీవా రాకీవా' అన్నాడు. పాపం గ్యాస్ బండ తెచ్చిన పిల్లోడు, గేటు కాడ నిలబడుకోని ఉన్నాడు.